తద్మూర్ రాళ్ళు తెరకెక్కాయి, మనుషులేరీ?

2015 ఆగస్టు నెలాఖరు. పత్రికాఫీసులో రాత్రి డ్యూటీలో ఉన్నాను. ఇంగ్లీషు, ఉర్దూ వార్తల్ని తెలుగు చేసే పని నాది. సిరియాలోని పాల్మైరాలో ఐసిస్ మూక దాదాపు రెండువేల ఏళ్ళనాటి బేల్ దేవాలయాన్ని మందుగుండు పెట్టి పేల్చేసిందని వార్త వచ్చింది. పక్క సీట్లో మిత్రుడు ఉన్నాడు. మంచివాడే. ప్రతి రంజాన్‌కీ మా ఇంట్లో షీర్ ఖుర్మా తాగేవాడే. తల కూడా ఎత్తకుండా, "ఏం భాయ్, మీవాళ్ళు మళ్ళీ పగలగొట్టేశారు" అన్నాడు.

నేనేమీ అనలేదు. ఆ వార్త రాసిచ్చాను. మర్నాడు మొదటి పేజీలో ఫొటోతో వచ్చింది.

అంతకు పన్నెండు రోజుల ముందు కూడా ఆ ఊరినుంచే ఒక వార్త రాసిచ్చాను. ఖాలిద్ అల్ అసద్ అనే పురావస్తు శాస్త్రవేత్తను ఆగస్టు 18న అదే మూక తల నరికి చంపింది. ఎనభై దాటిన ముసలాయన. 1963 నుంచి 2003 దాకా, నలభై ఏళ్ళు, తద్మూర్ పురావస్తు శాఖకు అధిపతి. మ్యూజియం సామాన్లు ఎక్కడ దాచారో చెప్పమని నెలరోజులు బంధించి అడిగారు. చెప్పలేదు. తన కూతురికి ఆ ఊరి పాతకాలపు రాణి జెనోబియా పేరు పెట్టుకున్న మనిషి. ఆ వార్త లోపలి పేజీలో ఒక కాలమ్‌లో సర్దుకుంది. ఆ రాత్రి మాత్రం, "భాయ్, మీవాళ్ళలో ఒకాయన రాళ్ళ కోసం ప్రాణమిచ్చాడు" అని ఎవరూ అనలేదు.

పగలగొట్టినవాడు మావాడు, కాపాడినవాడు ఎవరివాడూ కాడు. ఈ లెక్క ఎక్కడినుంచి వచ్చింది? మిత్రుడొక్కణ్ణి తప్పుపట్టి ఊరుకుంటే సరిపోదు. ఆ ఊరి బొమ్మ అతని కళ్ళముందుకు వచ్చిన దారిలోనే ఈ లెక్క ఉందని నాకు తర్వాత తెలిసింది. ఆ బొమ్మ ఇప్పుడు కంప్యూటర్ తెరమీద, ఫోన్‌లో, కళ్ళకు కట్టుకునే పెట్టెల్లో మరింత బలంగా తిరుగుతోంది. అందుకే ఆ బొమ్మ గురించి మాట్లాడాలి.

ముందు ఈ విద్య ఏమిటో చూద్దాం. ఒక స్తంభాన్ని నాలుగువైపులనుంచీ కొన్ని వందల ఫొటోలు తీస్తారు. ఒక ఫొటోలో కనపడ్డ పగులు, చెక్కడం, మరక ఇంకో ఫొటోలో ఎక్కడున్నాయో కంప్యూటర్ పోల్చుకుంటుంది. ఆ పోలికలనుంచి ఒక్కో బిందువు ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉందో లెక్కగడుతుంది. అలాంటి లక్షల బిందువుల్ని కలిపి, వాటిమీద ఫొటోల రంగు పరిస్తే స్తంభం తయారు. దీన్నే ఫొటోగ్రామెట్రీ అంటున్నారు. లేజర్ కిరణాలతో కొలిచే పద్ధతి ఇంకొకటి. అలా తయారైన గుడినో కోటనో ఇంటర్నెట్‌లో పెడితే మనం ఇంట్లో కూచుని వేలితో తిప్పి చూడొచ్చు. ఫోన్‌ని ఒక పెట్టెలో పెట్టి కళ్ళకు కట్టుకుంటే తల తిప్పినవైపల్లా ఆ గుడే కనిపిస్తుంది. మనమే అక్కడ నిలబడ్డట్టు ఉంటుంది.

ఇందులో మన పేర్లవాళ్ళు మొదటినుంచీ ఉన్నారు. బాసిల్ ఖర్తబీల్ దమాస్కస్ కుర్రాడు. పాలస్తీనా మూలాలవాడు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాడు. 2005 నుంచే తద్మూర్ కట్టడాల్ని కంప్యూటర్‌లో తిరిగి కట్టడం మొదలుపెట్టాడు. అప్పటికి ఐసిస్ పేరు కూడా ఎవరికీ తెలీదు. విజ్ఞానం ఎవరి సొత్తూ కాదు, అందరికీ ఉచితంగా అందాలని నమ్మినవాడు. 2012 మార్చి 15న అసద్ ప్రభుత్వం అతన్ని పట్టుకుపోయింది. 2015 అక్టోబరులో చంపేశారు. ఆ సంగతి భార్యకు తెలిసి, లోకానికి చెప్పింది 2017 ఆగస్టులో. అతన్ని చంపిన ఆ అక్టోబరులోనే స్నేహితులు అతని పనిని ‘న్యూ పాల్మైరా’ పేరుతో ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచిపెట్టారు. అతను బతికున్నాడనే వాళ్ళు అనుకుంటున్నారు.

ఇరాక్‌లోని మోసుల్‌లో పుట్టిన బెన్ కసీరా ఇంకొకడు. మోసుకుపోగలిగే లేజర్ స్కానర్‌ను తయారుచేసిన కంపెనీ అతనిదే. 2001లో తాలిబన్లు బామియాన్ బుద్ధుల్ని పేల్చేశాక, ప్రమాదంలో ఉన్న కట్టడాలన్నిటినీ ముందే కొలిచి దాచాలని 2003లో ‘సైఆర్క్’ అనే సంస్థ పెట్టాడు.

ఈ పని గొప్పది. ఇందులో అనుమానమేమీ లేదు. బేల్ దేవాలయం గర్భాలయంలో ఈరోజు ద్వారబంధం తప్ప దాదాపు ఏమీ మిగల్లేదు. తెరమీదైనా లేకపోతే మన పిల్లలకు అది ఒక పేరు మాత్రమే.

అయితే ఆ తెరమీద ఏముంది? ఏం లేదు? నేను విమర్శకుడిగా అడిగేది ఇదే.

ఉన్నవి స్తంభాలు, కమాను, నాటకశాల, గుడి. ఎక్కువగా రోము కాలపు వైభవం. ఎండ, నీలాకాశం, ఇసుక. ఎటు తిరిగినా ఒక్క మనిషి లేడు. చూసేవాడొక్కడే ఆ ఊరికి రాజు. ఇంత పెద్ద ఊరు ఎప్పుడో చచ్చిపోయిందనీ, మనం వచ్చి కనుక్కునేదాకా ఎవరూ పట్టించుకోలేదనీ అనిపిస్తుంది.

అది నిజం కాదు. బేల్ గుడిని క్రీ.శ. 32లో దేవుడికి అర్పించారు. బైజాంటిన్ల కాలంలో అది చర్చి అయింది. 12వ శతాబ్దంనుంచి మసీదు అయింది. 1920ల చివరిదాకా మసీదే. ఒక్క మసీదే కాదు, ఆ గుడి ప్రాకారం లోపల ఒక ఊరు ఊరంతా ఉండేది. మట్టి ఇళ్ళు, పొయ్యిలు, మేకలు, ఒంటెలు, పెళ్ళిళ్ళు, చావులు. పెద్ద స్తంభాల వీధిలోనే ముస్లింలు తొలికాలంలో బజారు కట్టుకున్నారు. అంటే ఆ గుడి అన్ని వందల ఏళ్ళు నిలబడిందంటే ఎవరో ఒకరు దాన్ని వాడుకుంటూ, కప్పు వేసుకుంటూ, గోడ మెత్తుకుంటూ ఉన్నారు కాబట్టే. అందులో ఎనిమిది వందల ఏళ్ళు నమాజు చేసినవాళ్ళే దాన్ని కాపాడారు. ఈ ఒక్క మాట ఆ రాత్రి మా ఆఫీసులో ఎవరికైనా తెలిసి ఉంటే, "మీవాళ్ళు పగలగొట్టారు" అనే మాట అంత తేలిగ్గా వచ్చేది కాదేమో.

మరి ఆ ఊరేమైంది? మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సిరియా ఫ్రెంచివాళ్ళ చేతికి వచ్చింది. 1929 నుంచి 1932 మధ్య గుడిలోపలి ఊరిని ఖాళీ చేయించారు. పక్కన గీతలు గీసిన వీధులతో కొత్త తద్మూర్ కట్టి అక్కడికి పంపించారు. పాత ఇళ్ళన్నీ కూల్చి, ‘అసలు’ గుడిని బయటికి తీశారు. మసీదు వాళ్ళకు అసలు కాదు, మధ్యలో వచ్చి అంటుకున్నది. ఖాలిద్ అల్ అసద్ 1930ల మొదట్లో తద్మూర్‌లోనే పుట్టాడు. అంటే ఊరిని లేపేసిన ఆ ఏళ్ళలోనే. ఆ ఊరి బిడ్డే పెద్దవాడై ఆ గుడికి కాపలా ఉండి, దానికోసం చచ్చిపోయాడు.

ఈ ఖాళీ చేయించడానికి వెనక ఒక పాత చూపు ఉంది. 1751లో రాబర్ట్ వుడ్, జేమ్స్ డాకిన్స్ అనే ఇద్దరు అక్కడికి పోయి కొలతలు తీసుకుని, 1753లో లండన్‌లో పెద్ద పుస్తకం వేశారు. యూరప్ భవనాలమీద ఆ పుస్తకం ముద్ర పడింది. 1785లో ఫ్రెంచి చిత్రకారుడు కాసాస్ బొమ్మలు గీశాడు. 1864లో లూయీ విన్య్ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి ఫొటోలు తీశాడు. తూర్పుదేశాల్ని పడమటివాళ్ళు ఎలా తమ అవసరానికి తయారుచేసుకున్నారో ఎడ్వర్డ్ సయీద్ 1978లోనే విడమరిచి చెప్పాడు. శిథిలాలు మావి, వాటి పక్కన కూచున్న అరబ్బు మాత్రం కొలతకోసం పెట్టిన బొమ్మ. ఇదీ ఆ చూపు.

ఇప్పుడు కంప్యూటర్‌కు వద్దాం. కంప్యూటర్ పక్షపాతం లేనిది అంటారు. కానీ అది ఫొటోలు లేనిదే ఏమీ కట్టలేదు. గుడి కూలిపోయాక దాన్ని తెరమీద కట్టాలంటే పాత ఫొటోలే దిక్కు. ఆ ఫొటోలు ఎవరివి? ఎక్కువ టూరిస్టులవి. టూరిస్టు కమానుకు వంద ఫొటోలు తీస్తాడు. కమాను పక్కన రొట్టెలు కాల్చే అమ్మను తీయడు. కొత్త తద్మూర్ వీధిని తీయడు. తీసినా మనిషి అడ్డొస్తే, అటూ ఇటూ కదిలేవాడు కాబట్టి, లెక్క కుదరదని కంప్యూటర్ వాణ్ణి చెరిపేస్తుంది. ఇది ఎవరో కుట్రపన్ని చేస్తున్నది కాదు. పనిముట్టు స్వభావమే అది. కదలనిది నిలుస్తుంది, కదిలేది పోతుంది. ఫ్రెంచివాళ్ళు 1932 నాటికి ఊరిని ఖాళీ చేయించి చేసిన పనిని ఈ లెక్క ఎవర్నీ ఖాళీ చేయించకుండానే మళ్ళీ చేస్తుంది. విమర్శ లేకుండా దీన్ని నెత్తిన పెట్టుకుంటే మనకు దక్కేది ఇదే.

లేని ఇంకో సంగతి జైలు. అరబ్బు దేశాల్లో తద్మూర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది గుడి కాదు. అసద్‌ల కాలంనాటి జైలు. 1980లో తద్మూర్‌ను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అదే 1980 జూన్ 27న ఆ జైల్లో సైనికులు కొట్లలోకి చొరబడి వందలమంది ఖైదీల్ని కాల్చి చంపారు. ఒకే ఊరు, ఒకే ఏడాది. రాళ్ళకు రక్షణపత్రం దొరికింది, మనుషులకు తుపాకీ గుళ్ళు. అక్కడ ఏళ్ళతరబడి మగ్గిన ముస్తఫా ఖలీఫా 2008లో అరబ్బీలో అచ్చయిన తన నవల ‘అల్ ఖౌఖఆ’లో ఆ జైలు గురించే రాశాడు. అందులో ఖైదీ క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. ముస్లిం బ్రదర్‌హుడ్ మనిషని ముద్రవేసి లోపలేస్తారు. పేరును బట్టి, ముద్రను బట్టి మనిషిని లెక్కగట్టడం ఎక్కడిదాకా పోతుందో తెలియాలంటే ఆ నవల చదవాలి. 2015 మేలో ఊరిని పట్టుకున్నాక ఐసిస్ ఆ జైలునూ పేల్చేసింది. ఆ సాక్ష్యమూ పోయింది. కమానును తిరిగి కట్టడానికి లోకమంతా ముందుకొచ్చింది. జైలును కొలిచి తెరమీద పెట్టాలన్న మాట అంత గట్టిగా వినపడలేదు. అది వారసత్వం కాదా? నా దృష్టిలో అదీ వారసత్వమే.

కమాను సంగతి ఇంకా ఉంది. 2015 అక్టోబరులో కూల్చేసిన ఆ విజయ కమానును ఫొటోల ఆధారంగా కంప్యూటర్‌లో తయారుచేసి, ఈజిప్టు పాలరాతిలో మరచేత చెక్కించి, 2016 ఏప్రిల్ 19న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నిలబెట్టారు. అసలుదానికంటే చిన్నది. ముసుగు తీసినవాడు అప్పటి లండన్ మేయర్ బోరిస్ జాన్సన్. అదే ఏడాది సెప్టెంబరులో అది న్యూయార్క్ పోయింది. 2017లో దుబాయ్ పోయింది, ఇటలీ పోయింది. సంతోషమే. 2017 జనవరి 27న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ సిరియా శరణార్థులెవరూ దేశంలో అడుగుపెట్టొద్దని ఉత్తర్వు వేశాడు. న్యూయార్క్‌లో కమాను నిలబడి నాలుగు నెలలే అయింది. తద్మూర్ రాయికి ఏ సరిహద్దులోనూ అడ్డులేదు. తద్మూర్ మనిషికి ఉంది. 2004 జనాభా లెక్కల్లో యాభైవేలకు పైగా ఉన్న ఊరది. యుద్ధంలో చెల్లాచెదురైపోయిన ఆ జనం తాము పుట్టిన ఊరి కమానును చూడాలంటే వీసా కావాలి.

ఒకటి మెచ్చుకోవాలి. అమెరికాలోని గెట్టీ సంస్థ 2017లో తద్మూర్ మీద ఇంటర్నెట్ ప్రదర్శన ఒకటి పెట్టింది. ఆధారం ఆ కాసాస్ బొమ్మలూ, ఆ విన్య్ ఫొటోలే. ఇంగ్లీషులో ఉండేది. 2021లో దాన్ని తిరగరాసి అరబ్బీలో కూడా పెట్టారు. ఖాలిద్ అల్ అసద్ కొడుకు వలీద్, తండ్రి తర్వాత ఆ పదవిలో పనిచేసినవాడు, ఆయనతో మాట్లాడించారు. తద్మూర్ మనిషి తద్మూర్ గురించి తన భాషలో మాట్లాడటానికి నాలుగేళ్ళు పట్టింది. అయినా చేశారు. చేయొచ్చని దాంతో రుజువైంది. ఇక సాంకేతికంగా వీలుకాదు అనే సాకు చెల్లదు.

ఇక్కడ మనవాళ్ళకు కూడా ఒక మాట చెప్పాలి. ఐసిస్ పేల్చినప్పుడల్లా మన పెద్దలు "ఇది ఇస్లాం కాదు" అని ప్రకటన ఇచ్చి ఊరుకున్నారు. అది నిజమే, కానీ చాలదు. "అవి జాహిలియ్యత్ కాలంనాటి బుత్‌ఖానాలు, మనకేం సంబంధం" అన్నవాళ్ళనూ నేను విన్నాను. ఖాలిద్ అల్ అసద్‌కు సంబంధం ఉంది. అందులో నమాజు చేసిన ఎనిమిది వందల ఏళ్ళ జనానికి సంబంధం ఉంది. ఇస్లాంకు ముందున్నదంతా మాది కాదని మనమే అంటే, మసీదు పొరను గీకిపారేసినవాళ్ళ వాదాన్ని మనమే ఒప్పుకున్నట్టు. వాళ్ళు గుడిలోంచి మసీదును తీసేశారు. మనం మసీదులోంచి గుడిని తీసేస్తున్నాం. రెండూ ఒకటే పని.

తద్మూర్ సంగతి మనకెందుకని తెలుగు పాఠకుడు అడగొచ్చు. తద్మూర్‌లో రెండు భాషల్లో ఉన్న శాసనాలు చాలా ఉన్నాయి. ఒకటి వాళ్ళ అరమాయిక్, ఇంకొకటి గ్రీకు. క్రీ.శ. 137నాటి పన్నుల శాసనం, ఏ సరుకు బరువుకు ఎంత సుంకమో చెప్పేది, రెండు భాషల్లోనూ చెక్కారు. అదిప్పుడు రష్యాలో హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. మన గోల్కొండ కుతుబ్‌షాహీలు ఫర్మానాలు ఫార్సీలోనూ తెలుగులోనూ కలిపి ఇచ్చినవారే. రెండు భాషలతో బతికే నాలాంటివాడికి ఆ రాయి పరాయిది కాదు. గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు, చార్మినార్ 2010 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. సమాధుల మరమ్మతుల పని 2013లో మొదలై 2024లో ముగిసింది. ఇవాళ కాకపోతే రేపు ఇవన్నీ తెరమీద తిరుగుతాయి. అప్పుడు ఏం కనపడుతుంది? గుమ్మటం కనపడుతుంది. సున్నపు పని కనపడుతుంది. సమాధి దగ్గర ఫాతిహా చదివే ముసలాయన కనపడతాడా? లాడ్‌బజార్ గాజుల దుకాణం కనపడుతుందా? మొహర్రంలో బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకు దట్టీ కట్టడానికి వచ్చే హిందూ తల్లి కనపడుతుందా? వాళ్ళు లేకుండా అది ఎవరి వారసత్వం?

ఈ ప్రశ్న సెక్యులర్ మిత్రులకు కూడా. కట్టడాల్ని ఇష్టపడటం సెక్యులరిజం కాదు. ఆ కట్టడంలో, దాని పక్కన బతుకుతున్నవాణ్ణి చరిత్రలో భాగంగా చూడటం సెక్యులరిజం. చార్మినార్ ముందు ఫొటో దిగి, దాని వెనక బస్తీకి పోవాలంటే భయపడేవాళ్ళు మనలో తక్కువేం లేరు.

తెరమీద తద్మూర్ కట్టేవాళ్ళను నేను అడిగేది పెద్ద కోరిక కాదు. బేల్ గుడిని తిప్పి చూపిస్తున్నప్పుడు చర్చినీ, మసీదునీ, మట్టి ఇళ్ళ ఊరినీ కూడా పొరలు పొరలుగా చూపించండి. ఒక మీట నొక్కితే 32వ సంవత్సరం, ఇంకోటి నొక్కితే 1920. మీ దగ్గర విద్య ఉంది. ఊరిని ఎవరు, ఎప్పుడు ఖాళీ చేయించారో రాయండి. జైలును పెట్టండి. అరబ్బీ లేకుండా తద్మూర్‌ను చూపించకండి. కాపాడినవాడి పేరు, కంప్యూటర్‌లో కట్టినవాడి పేరు గుడి పేరుతో సమానంగా రాయండి. ఒకణ్ణి మతం పేర మూక చంపింది, ఇంకొకణ్ణి రాజ్యం పేర ప్రభుత్వం చంపింది. ఆ రెండూ కలిపి చెప్పకపోతే పగలగొట్టినవాడి పేరు ఒక్కటే మిగులుతుంది.

తద్మూర్ పాతవాళ్ళు తమ సమాధుల్లో చచ్చిపోయినవాళ్ళ ముఖాలు రాతిమీద చెక్కించుకున్నారు. ఒక్కో ముఖం పక్కన చిన్న అక్షరాలతో పేరు, తండ్రి పేరు, చివర్లో ‘అయ్యో’ అనే అర్థం వచ్చే ఒక మాట. రెండువేల ఏళ్ళ కింద, కంప్యూటర్ లేని రోజుల్లో, వాళ్ళు ఒట్టి రాయిని వదిలిపెట్టి పోలేదు. రాయితోపాటు పేరు పెట్టి పోయారు. ఇప్పుడు కట్టేవాళ్ళు కూడా అంతమాత్రం చేస్తే చాలు.

ఆ మిత్రుడు ఇప్పటికీ మా ఇంటికి వస్తాడు. మొన్న ఫోన్‌లో తద్మూర్ కమాను చూపించి, "ఎంత బావుందో చూడు భాయ్" అన్నాడు. ఈసారి నేను ఊరుకోలేదు. కూచోబెట్టి ఖాలిద్ గురించీ, బాసిల్ గురించీ, గుడిలోని మసీదు గురించీ చెప్పాను. చాలాసేపు విన్నాడు. "ఇదంతా ఇందులో లేదే" అన్నాడు.

లేదు. అందుకే ఇది రాయాల్సొచ్చింది.